ముందే బయలుదేరిన చీర

పోయిన వారం చైత్రను ఎక్కడ వదిలిపెట్టాం? చింతామణిలో, ఇంటి ముందు, ఒక కాలు నేల మీద, ఒక కాలు బండి మెట్టు మీద. ఒంట్లో నూటొక్క డిగ్రీల జ్వరం, మొహం మీద నవ్వు. థర్మామీటరును రాగిపిండి డబ్బా వెనక దాచేసి, జ్వరం తెల్లవారుజామునే విడిచిందని అత్తగారితో పచ్చి అబద్ధం ఆడింది మన అమ్మాయి. లెక్కల టీచరు కదా, ఒక మాత్ర వేసుకుంటే బాగేపల్లి, ఇంకొకటి వేసుకుంటే హంపి అని మనసులో లెక్క కట్టుకుంది. జ్వరానికి లెక్కలు రావని ఆమెకు ఎవరు చెప్పాలి?

ఈ వారమే మన మధ్యకు వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. చైత్ర మొగుడు ధనుంజయకు వ్యాన్లకు బాడీలు కట్టే షెడ్డు ఉంది. పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు పీకేసి, లోపల మంచం, స్టవ్వు, సింకు, నీళ్ళ ట్యాంకు అమర్చి, నీలం రంగు కొట్టించాడు. వీధిలో వాళ్ళు దానికి ఇల్లుబండి అని పేరు పెట్టారు. అందులో మూడు నెలల ప్రయాణం. హంపి, గోవా, అక్కడి నుంచి సముద్రం పక్కపక్కనే గుజరాత్ దాకా. చైత్ర బడిలో జీతం లేని సెలవు పెట్టింది.

చైత్ర ఆ ఇంటికి రెండో కోడలు. రెండో కొడుకు పెళ్ళాం అనుకునేరు, కాదు. ఉన్న ఒక్క కొడుక్కే రెండో పెళ్ళాం. మొదటి ఆమె సహన. ఐదేళ్ళ కిందట కామెర్లు ముదిరి ఇంట్లోనే కన్నుమూసిందని పెళ్ళిచూపుల నాడే చెప్పారు. చైత్ర కాపురానికి వచ్చి మూడేళ్ళయినా ఆ ఇంట్లో గరిటె తగిలించే మేకు సహన కొట్టించిందే, తులసికోట సహన పెట్టించిందే, హాల్లో దండ వేసిన ఫోటోలో నవ్వేదీ సహనే. ఆవాలపొడి రంగు చీర, దానికి వక్కపొడి రంగు అంచు. ఆ నవ్వు కింద కూర్చుని అన్నం తినీ తినీ చైత్రకు విసుగొచ్చింది. "ఈ బండి నీ కోసమే కట్టినా" అని ధనుంజయ అన్న రోజు, తనది అని చెప్పుకోవడానికి ఒకటి దొరికిందని ఆమె పొంగిపోయింది. అందుకే ఆడింది అబద్ధం. ఈ ప్రయాణం తప్పిపోతే తనకంటూ మళ్ళీ ఒకటి రాదని ఆమె భయం.

జ్వరం బుధవారం వచ్చింది. గురువారం పొద్దున ముహూర్తం. అది దాటితే మూఢం, రెండు నెలల దాకా మంచి రోజు లేదు. అప్పుడు అత్తగారు వనజమ్మ పరస్థానం పెట్టిద్దామంది. పరస్థానం తెలియని వాళ్ళుంటారా అంటే ఉంటారు, ఎందుకుండరు. ముహూర్తానికి మనిషి కదలలేకపోతే, ఆ మనిషి కట్టుకునే బట్ట ఒకటి పసుపు కుంకుమలతో మూట గట్టి, పోవలసిన దిక్కులో ఊరు దాటించి ఇంకొకరి ఇంట్లో పెట్టి వస్తారు. మూట పోయిందంటే మనిషి బయలుదేరినట్టే. తర్వాత మూడు రాత్రులు గడిచిన మర్నాటి దాకా ఎప్పుడు కదిలినా వారం చూడక్కరలేదు, వర్జ్యం చూడక్కరలేదు. దారిలో ఆ మూట ఎత్తుకొని పోవాలి, అంతే. ఒక్కటే కట్టుబాటు, మూట ఎత్తినాక వెనక్కి తిరగకూడదు.

ఆ గురువారం వనజమ్మ పూజలో ఉండి, బీరువాలోంచి చైత్ర చీర ఒకటి తెమ్మని కొడుకును కేకేసింది. ధనుంజయ తెచ్చాడు. ఆమె పసుపుగుడ్డ మీద పెట్టమని, తల తిప్పకుండానే ముడి వేసింది. అతను బైకు మీద కెంచార్లహళ్ళికి పోయి, పెద్దమ్మ వరసైన అక్కయమ్మ ఇంట్లో పెట్టి వచ్చాడు. ఇవాళ ఆదివారం. మూడు రాత్రులూ అయిపోయాయి, ఇదే ఆఖరి రోజు. ఇక కథలోకి పోదాం.

బండి ఊరు దాటేసరికి తొమ్మిదయింది. చైత్ర వెనక గదిలో గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడే ఓపిక లేక సింకు పట్టుకుని వేలాడుతోంది. ఎదురుగా ధనుంజయ బిగించిన అద్దం. ఐదడుగుల చైత్రకు అందులో తన మొహం ఎప్పుడూ కనిపించదు, పాపిట మాత్రమే కనిపిస్తుంది. చీరలు తగిలించే కొక్కేలు కూడా మునివేళ్ళ మీద లేస్తే గానీ అందవు. మొదట్లో అడిగితే కొలత తప్పిందన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. ఇరవై ఏళ్ళుగా బండ్లకు బాడీలు కట్టే చేతికి కొలత ఎట్లా తప్పుతుందని అప్పుడు తట్టలేదు. జ్వరంలో తడుతోంది. ఆ అద్దం ఎవరి మొహానికో సరిగ్గా సరిపోతుంది. తన కంటే జానెడు పొడుగున్న మనిషికి.

ఒళ్ళు జలదరిస్తే జ్వరమే అనుకుని ముందుకు వచ్చి మొగుడి పక్క సీట్లో కూర్చుంది.

ఆరేడు మైళ్ళు పోయాక రోడ్డు పక్కన ఒక టీ అంగడి దగ్గర ధనుంజయ బండి ఆపాడు. టైర్లలో గాలి చూసి వస్తానని దిగి వెనక్కి పోయాడు. అంగడి నడిపే మునిలక్ష్మమ్మకు అరవై దాటి ఉంటాయి. చైత్ర కిటికీలోంచి రెండు టీలు చెప్పేలోపలే ఆమె ఒక గ్లాసు పట్టుకుని వచ్చింది. అది టీ కాదు. మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం, పొగలు కక్కుతోంది.

"జొరం ఇంకా ఇడ్సలేదా తల్లీ? ఆ పొద్దు తాగకుండానే పోతివి. ఈ పొద్దన్నా తాగి పో" అంది మునిలక్ష్మమ్మ.

చైత్ర గ్లాసు అందుకుని, తాను ఈ అంగడికి ఎప్పుడూ రాలేదని, ఎవరినో చూసి తననుకున్నట్టుందని మెల్లగా చెప్పింది. ముసలామె కళ్ళు చికిలించి చైత్ర మొహం చూసింది. తర్వాత బండిని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. చూసి, చైత్ర చేతిలోని గ్లాసు మెల్లగా వెనక్కి తీసేసుకుంది. ఇచ్చిన గ్లాసు వెనక్కి తీసుకునేవాళ్ళను ఎక్కడైనా చూశారా? కషాయాన్ని రోడ్డు పక్క దుమ్ములో పారబోసి, గ్లాసు బోర్లించి, అంగడి లోపలికి పోయిన మనిషి మళ్ళీ బయటికి రాలేదు.

ధనుంజయ వచ్చాక చైత్ర జరిగింది చెప్పింది. వయసు మీద పడిన మనిషి, ఏదో అనుకుని ఉంటుందిలే అని అతను బండి తీశాడు. టీ సంగతి ఎత్తలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి. మూడేళ్ళ కాపురంలో చైత్ర నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఈ మనిషి నోరు ఏం చెప్పినా, చెవులు మాత్రం నిజం చెబుతాయి.

రోడ్డుకు అటూ ఇటూ కర్రలు పాతిన టొమాటో తోటలు, వాటి వెనక బండరాళ్ళ గుట్టలు. ఎండ బాగా కాస్తోంది. చైత్ర మాత్రం పళ్ళు టకటకలాడకుండా దవడ బిగించుకుని, చున్నీ భుజాల చుట్టూ లాక్కుంది. వెనక గదికీ ముందు సీట్లకూ మధ్య ఒక పరదా ఉంది. ఆ పరదా వెనక మంచం కిర్రుమంది. గోతిలో పడితే ఏ మంచమైనా కిర్రుమంటుంది, అదేం వింత కాదు. అయితే అక్కడ రోడ్డు నున్నగా ఉంది. ఆ చప్పుడు కూడా ఒక్కసారి వచ్చి ఆగిపోలేదు. నిద్రపట్టని మనిషి ఇటు నుంచి అటు ఒత్తిగిలినప్పుడు వచ్చినట్టు నిదానంగా వచ్చింది. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. అది గాలే అయి ఉండొచ్చు.

చైత్ర వెనక్కి తిరిగి చూడలేదు, ఏమీ అడగలేదు.

"నీళ్ళ ట్యాంకులే" అన్నాడు ధనుంజయ.

అడగనిదానికి జవాబు వస్తే గుండె గుభేలుమనదూ? అతనూ విన్నాడన్నమాట. చైత్ర చేతులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. అట్లాగే కెంచార్లహళ్ళి వచ్చింది.

అక్కయమ్మది పట్టుపురుగుల ఇల్లు. ముందు అరుగు, వెనక వంటిల్లు, మధ్యలో పెద్ద గది నిండా అంతస్తులు అంతస్తులుగా పురుగుల తట్టలు. పురుగులు మేస్తున్నప్పుడు ఆ ఇంట్లో అడుగు పెడితే ఆకుల మీద చినుకులు పడుతున్నట్టు రాత్రీ పగలూ ఒకటే చప్పుడు. ఇవాళ ఆ చప్పుడు లేదు. ఈగ వాలినా వినిపించేట్టుంది.

చైత్ర గడప దాకా వచ్చిందో లేదో అక్కయమ్మ లోపలి నుంచే చెయ్యి అడ్డం పెట్టింది. చైత్ర కళ్ళ వైపు ఒక్క చూపు చూసి, ఒంటి మీద చెయ్యి వేయకుండానే, నీకు జ్వరముందని తేల్చేసింది. పురుగులకు జబ్బు మనిషి గాలి సోకకూడదు. రోజుకు నాలుగుసార్లు వాటికి ఆకు వేసే కళ్ళకు మనిషి జ్వరం తెలియకపోతుందా? థర్మామీటరు దాచితే జ్వరం దాగిందనుకున్న చైత్ర తెల్లమొహం వేసింది.

ధనుంజయ పక్కనే ఉన్నాడు. తగ్గిందన్నావే అని కోప్పడతాడని ఆమె అనుకుంది. అతను కోప్పడలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏదో గొణిగి, బిందె తీసుకుని, బండిలో ట్యాంకుకు నీళ్ళు పట్టాలని వీధి కుళాయి వైపు పోయాడు. ట్యాంకు చింతామణిలోనే నిండింది. చైత్రే మూత పెట్టింది.

అక్కయమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, తానూ కాస్త ఎడంగా కూర్చుంది. మనిషి మంచిదే, మాట మాత్రం గరుకు. పురుగులు గురువారం పొద్దున నాలుగో జ్వరానికి కూర్చున్నాయని, అంటే మేత మానేసి కుబుసం విడవడానికి కదలకుండా ఉన్నాయని చెప్పింది. మామూలుగా ఒకటిన్నర రోజులో లేచి ఆవురావురుమని మేస్తాయి. ఈసారి నాలుగో రోజు వచ్చినా లేవలేదు. చైత్ర కిటికీలోంచి తొంగి చూసింది. తట్ట తట్టలోనూ వందల పురుగులు, తలలు పైకెత్తి, కొయ్యబారినట్టు ఉన్నాయి. అన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. ఆ వైపు గోడగూట్లో పసుపుగుడ్డ మూట ఉంది.

"మూట వచ్చిన దినం కూసున్నాయి. నలభై ఏండ్లుగా పురుగులు సాకతాండా, ఇట్లెప్పుడూ చూడలేదు. బిరీన ఎత్తుకోని పోమ్మా" అంది అక్కయమ్మ.

మూట తెచ్చి చేటలో పెట్టి అరుగు మీదికి జరిపింది. వాళ్ళ ఇళ్ళలో పద్ధతి ఏమిటంటే, ప్రయాణం పోయే మనిషే ముడి విప్పాలి. లోపలి బట్ట ఒకసారి భుజాన వేసుకుని, తాంబూలం ఇంటామెకు ఇచ్చి, మళ్ళీ మూట కట్టుకుని వెళ్ళాలి. చైత్ర ముడి విప్పింది. పైన తమలపాకులు, వక్కలు, పసుపుకొమ్ము ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, కింది చీర చూడకుండానే తీసి భుజాన వేసుకుంది.

చీర వెచ్చగా ఉంది.

జ్వరం వచ్చిన చేతికి ఏది ముట్టుకున్నా చల్లగా తగలాలి. గోడ చల్లగా తగిలింది, నీళ్ళ చెంబు చల్లగా తగిలింది. నాలుగు రోజులు గూట్లో పడి ఉన్న చీర మాత్రం ఎవరో అప్పుడే ఒంటి మీద నుంచి విడిచినంత వెచ్చగా, చెమటకు తడిసినట్టు చెమ్మగా ఉంది. చైత్ర తల వంచి భుజం వైపు చూసుకుంది. ఆవాలపొడి రంగు. వక్కపొడి రంగు అంచు.

అది తన చీర కాదు. మూడేళ్ళుగా ఆ చీర కింద కూర్చుని ఆమె అన్నం తిన్నది.

అక్కయమ్మ చివ్వున వెనక్కి జరిగింది, ఆమె చెయ్యి తగిలి తాంబూలం చెదిరింది. వక్కలు అరుగు మీది నుంచి దొర్లుకుంటూ వీధిలో పడ్డాయి. ఆమె చైత్ర వైపు చూడడం లేదు, చీర వైపు చూస్తోంది. ఎవరు పెట్టారు ఇది అని అడిగింది. చైత్ర చెప్పింది. అత్తగారు చీర తెమ్మందని, ఆయనే బీరువాలోంచి తీశారని, తాను పక్కగదిలో ముసుగుతన్ని పడుకుని ఉన్నానని. సహన చీరలు పారేయడానికి వనజమ్మకు మనసొప్పక పై అరలోనే ఉంచిందని, ఇది చూస్తే ఆ అరలోదేనని కూడా చెప్పింది. చెబుతూనే చీర భుజం మీది నుంచి లాగేసి చేటలో పడేసింది.

ఇప్పుడు అక్కయమ్మ దాచడానికి ఏమీ మిగల్లేదు. కడుపులో ఐదేళ్ళుగా మగ్గుతున్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"నీకి చెప్పలేదా వాండ్లు? సహనమ్మ ఇంట్లో పోలేదు తల్లీ. ఈ బండిలో పాయ. ఆ పొద్దూ ఇట్లే జొరం, ఇట్లే పరస్థానం, మూట నా ఇంట్లోనే పెట్నారు. ఇదే అరుగు మింద కూసోని, 'పెద్దత్తా, నాకి కండ్లు తిరగతాండాయి, ఆస్పత్రికి తిప్పమని ఆయనకి చెప్పు' అనింది. మూట ఎత్తినాక ఎనక్కి తిరగరాదని వాడు ముందుకే పాయ. నేనన్నా గట్టిగా చెప్పుండాల. మూట ఎత్తిన మనిషిని తిప్పితే నా ఇంటికి చెరుపని నోరు మూసుకుంటి. బాగేపల్లి చేరకముందే ఆ మంచం మిందే ఆయమ్మ ప్రాణం పోయింది."

చైత్ర వీధిలో నిలబడి ఉన్న బండిని చూసింది. నిరుడు కొన్నానన్నాడు కదా అని అడిగింది. అక్కయమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పుడు తెల్ల రంగు ఉండేదని, ఇప్పుడు నీలం కొట్టించాడని, బండి అదేనని చెప్పింది. లోపల అద్దం, కొక్కేలు, మంచం అన్నీ సహన దగ్గరుండి తన కొలతకు పెట్టించుకున్నవని చెప్పింది. సహన ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషట.

తనది అనుకున్న ఒక్క బండీ తనది కాదు. ప్రయాణం కూడా తనది కాదు. ఆ అద్దంలో తన మొహం ఎందుకు పట్టదో చైత్రకు ఇప్పుడు తెలిసింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది గానీ రాలేదు, కోపం వచ్చింది. కోపం వెనకే, దానికంటే పెద్దదొకటి వచ్చింది. ప్రాణభయం. తలలో సమ్మెటలు పడుతున్నాయి, కళ్ళ ముందు వీధి అలలు అలలుగా కదులుతోంది. సహన కూడా ఇక్కడ, ఈ అరుగు మీద, సరిగ్గా ఇట్లాగే ఉండి ఉంటుంది. ఆమెను వెనక్కి తిప్పని మనిషి బిందెతో వీధి మలుపులోంచి వస్తున్నాడు.

వచ్చినవాడు చేటలో పరుచుకున్న చీర చూశాడు. బిందె కింద పెట్టాడు.  అక్కయమ్మ నాలుగు తిట్టి నిలదీసేసరికి, బీరువాలో చెయ్యి పెడితే అదే చేతికి వచ్చిందని, ఎవరి చీరో అనుకోలేదని, భార్య చీర తెమ్మంటే భార్య చీరే తెచ్చాననుకున్నానని నేల చూపులు చూస్తూ చెప్పాడు. బండెడు అబద్ధాలు చెప్పిన నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం, అదీ ఇంత చేదు నిజం. మూడేళ్ళు కాపురం చేసిన చెయ్యి చీర కోసం పోయి ఎక్కడ ఆగిందో చూశారా?

చైత్ర స్తంభం పట్టుకుని లేచి నిలబడింది. లెక్కల టీచరు కదా, జ్వరంలోనూ లెక్క తప్పలేదు.

"మూటలో నా గుడ్డ లేదు. అంటే నేనింకా బయల్దేరనే లేదు. బయల్దేరనిదాన్ని వెనక్కి తిరగొద్దని ఎవరూ చెప్పలేరు. నాకి ఆస్పత్రి కావాల. బండి తిప్పండి" అంది.

 నలభై ఏళ్ళుగా ఎన్నో మూటలు ఆ గూట్లో పెట్టి ఇచ్చిన అక్కయమ్మ, అది న్యాయమేనని తల ఊపింది.

 ధనుంజయ భుజాలు కుదుపుకుంటూ ఏడ్చాడు. నలభై రెండేళ్ళ మగవాడు వీధిలో నిలబడి ఏడుస్తుంటే చూడడం కష్టమే. ఆ రోజు తిప్పి ఉంటే సహన బతికేదని, ఆమె తీరని కోరిక తీరిస్తే తనకు కాస్త నిద్ర పడుతుందని ఈ ప్రయాణం పెట్టుకున్నానని, చైత్రను మోసం చేయాలని కాదని వెక్కుతూ చెప్పాడు. చైత్రకు జాలి కలిగింది. అయితే జాలి పడుతూ కూర్చునే ఓపిక ఒంట్లో లేదు.

"తిప్పుతా చైత్రా. ఈసారి తిప్పుతా. అర్ధగంటలో చింతామణి ఆస్పత్రిలో ఉంటావు" అన్నాడు.

ఆ వీధిలో బండి తిరగదు. ఒకవైపు మల్బరీ కట్టెల కుప్పలు, ఒకవైపు మురుగు కాలువ. రెండు వందల గజాల అవతల బడి ముందు ఖాళీ స్థలముంది, అక్కడ తిప్పుకుని వస్తానని, అంతదాకా నడవొద్దు, ఇక్కడే కూర్చోమని చెప్పాడు. చీరను ఇక్కడే వదిలేయమంది చైత్ర. అక్కయమ్మ ఒప్పుకోలేదు. విప్పిన మూట తన గడపలో ఉండడానికి వీల్లేదంది. ధనుంజయ చీరను మడిచి, పసుపుగుడ్డలో చుట్టి, తీసుకుపోయి తన పక్క సీటు మీద పెట్టాడు. పెట్టేటప్పుడు సీటును ఒకసారి అరచేత్తో తుడిచాడు. చైత్ర అది చూసింది. 

బండి కదిలింది. మండే ఎండలో నీలం బండి స్పష్టంగా కనిపిస్తోంది. బడి దగ్గరికి పోయి వేగం తగ్గించింది. కుడివైపు లైటు మినుకు మినుకుమంటోంది, తిప్పుతున్నాననే గుర్తు. చైత్ర గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆదివారం కదా, బడి మూసి ఉంది. ఆ ఖాళీ స్థలంలో ఒక్క మనిషి లేడు, కుక్క కూడా లేదు.

బండి ఆగింది. ఎడమవైపు తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. బండి మాత్రం మెట్టు మీద ఎవరో కాలు పెట్టి ఎక్కినప్పుడు కుంగినట్టు ఎడమ పక్కకు కాస్త కుంగి, మళ్ళీ సర్దుకుంది. తలుపు మూసుకుంది. కుడివైపు లైటు ఆరిపోయింది.

బండి తిరగలేదు. నేరుగా, చేలూరు రోడ్డు మీదికి, బాగేపల్లి దిక్కుకు పోయింది.

అక్కయమ్మ పరిగెత్తుకుంటూ వీధిలోకి పోయి రెండు చేతులూ ఊపింది. బండి చిన్నదవుతూ గుట్టల మధ్య కనిపించకుండా పోయింది. చైత్ర ఫోను బండిలో ఉండిపోయింది. ఆమె అక్కయమ్మ కొంగు ముడిలోని ఫోను తీసుకుని, మొగుడి నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. మూడు మోతలకే అతను ఎత్తాడు. ఇటువైపు నుంచి ఎవరైనా నోరు తెరిచేలోపలే అతని గొంతు వినిపించింది. ఇందాకటి ఏడుపు గొంతు కాదు. మూడేళ్ళలో చైత్ర ఎన్నడూ వినని హుషారు అందులో ఉంది.

"పెద్దమ్మా, గాబరా పడొద్దు. చైత్ర నడుచుకోని బడి కాడికే వచ్చి బండెక్కింది. ఆస్పత్రి వద్దంటాది, ముందుకే పోదామంటాది. జొరం పూర్తిగా ఇడ్సింది పెద్దమ్మా. నా చెయ్యి పట్టుకోనుండాది, ఒళ్ళంతా సల్లగా ఉండాది."